బరువు తగ్గకపోతే తప్పు మెటబాలిజందేనా?

"నేను తినేదెంతండీ, పూటకి రెండు పుల్కాలు. అయినా ఒళ్లొస్తోందంటే నా మెటబాలిజం స్లో అన్నమాట." పెళ్లి భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లో, డాక్టరు గది బయట కుర్చీల్లో ఈ మాట వినని వాళ్లుండరు. పక్కనే ఇంకొకరు "మా తోడికోడలు రెండు ప్లేట్ల బిర్యానీ లాగించినా సన్నగానే ఉంటుంది, ఆవిడ బాడీ తత్వం అంతే" అని వంత పాడతారు.

ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన అధ్యయనం ఒకటుంది. రోజుకి 1,200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గట్లేదని చెప్పుకునే స్థూలకాయుల్ని 1992లో న్యూయార్క్ పరిశోధకులు పది మందిని తీసుకుని, వాళ్ల ఒళ్లు నిజంగా ఎంత ఖర్చు చేస్తోందో కొలిచారు. కొలిచిన పద్ధతి ముచ్చటగా ఉంటుంది. మామూలు హైడ్రోజన్, ఆక్సిజన్ల కంటే కాస్త బరువైన పరమాణువులున్న నీళ్లు తాగిస్తారు. హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే పోతుంది. ఆక్సిజన్ నీటితో పాటు, మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా కూడా పోతుంది. ఈ రెండింటి తేడా పట్టుకుంటే కొన్ని రోజుల్లో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో తేలుతుంది. మనిషిని గదిలో పెట్టి తాళం వేయక్కర్లేదు, తన పని తాను చేసుకోవచ్చు. చివరికి తేలిందేమిటంటే, ఆ పది మంది జీవక్రియ (మెటబాలిజం అంటే ఇదే, ఒళ్లు శక్తిని ఖర్చు చేసే తీరు) వాళ్ల ఒంటి పరిమాణానికి ఎంత ఉండాలో అంతే ఉంది. తిన్న తిండిలో దాదాపు సగం మాత్రం వాళ్లు రాసుకున్న చిట్టాలో లేదు. చేసిన శ్రమనేమో ఒకటిన్నర రెట్లు చేసి రాసుకున్నారు.

వాళ్లు అబద్ధాలాడారని కాదు. తిండి లెక్క అంత తేలిగ్గా చేతికి చిక్కదు. పుల్కాలు రెండని గుర్తుంటుంది, పక్కన పెట్టుకున్న బెండకాయ వేపుడు ఎంత నూనె తాగిందో గుర్తుండదు. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు. గుప్పెడు పల్లీలు 170 దాకా. రెండు చెంచాల పంచదార వేసిన టీలో పంచదార ఒక్కటే 40, అలాంటివి రోజుకి నాలుగు. పిల్లాడు వదిలేసిన ముద్ద, గుళ్లో ఇచ్చిన పులిహోర, వంట చేస్తూ రుచి చూసినవి ఏ యాప్‌లోనూ ఎక్కవు.

అలాగని జీవక్రియ అనేది ఉత్త సాకు అని కొట్టిపారేయడం కూడా తప్పే. బరువు తగ్గే ప్రయత్నంలో అది నిజంగానే మారుతుంది. కాకపోతే మనం అనుకునే చోట కాదు, అనుకున్నంతా కాదు.

పడుకున్నా అయ్యే ఖర్చు

కూర్చుని పనిచేసే మనిషికి రోజంతా అయ్యే ఖర్చులో దాదాపు మూడింట రెండొంతులు, ఏమీ చేయకుండా పడుకున్నా అయ్యేదే. మెదడు మన బరువులో 2 శాతమే, కానీ ఈ విశ్రాంతి ఖర్చులో ఐదో వంతు దానిదే. కాలేయం ఇంకో ఐదో వంతు. కిలో లెక్కన చూస్తే గుండె, మూత్రపిండాలు అన్నింటికంటే ఖరీదైన అవయవాలు, కిలోకి రోజుకి 440 కేలరీల దాకా. అదే కండరం కిలోకి 13. కొవ్వు కిలోకి నాలుగైదు.

జిమ్ముల్లో వినిపించే "కండ పెంచితే కూర్చున్నా కొవ్వు కరుగుతుంది" అన్న మాటకి ఈ 13 గుర్తుపెట్టుకోండి. ఏడాది చెమటోడ్చి రెండు కిలోల కండ పెంచినా, విశ్రాంతిలో అది అదనంగా ఖర్చు చేసేది రోజుకి 26 కేలరీలు. పైన చెప్పిన టీలో పంచదార కూడా చెల్లదు. కండ వల్ల లాభం ఉంది, అది వేరే చోట ఉంది, అక్కడికి వస్తాను.

కణాలు ఈ శక్తిని వాడుకునే రూపం ఏటీపీ అనే అణువు. 1929లో దాన్ని కనుగొన్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆయన, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పని చేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే కనుక్కున్నారు. మెటబాలిజం గురించి తెలుగులో ఇన్ని వీడియోలు వస్తున్నా, ఆయన పేరు ఎక్కడా వినపడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 45 ఏళ్లు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న ఒకావిడ విశ్రాంతి ఖర్చు, డైటీషియన్లు ఎక్కువగా వాడే మిఫ్లిన్ ఫార్ములా ప్రకారం, సుమారు 1,280 కేలరీలు. అదే ఆవిడ 60 కిలోలకి వస్తే 1,180. అంటే ఒళ్లు తగ్గితే ఖర్చు కూడా తగ్గుతుంది. దీన్నే తిరగేస్తే, లావుగా ఉన్నవాళ్ల జీవక్రియ నెమ్మది అనుకోవడం తలకిందుల లెక్క. ఒళ్లు పెద్దదైతే దాన్ని నడపడానికి ఖర్చూ పెద్దదే. సన్నగా ఉన్న తోడికోడలి విశ్రాంతి ఖర్చు చాలావరకు ఈవిడ కంటే తక్కువే ఉంటుంది.

జిమ్‌లో చేరిన రోజే ఒక మెషీన్ మీద నిలబెట్టి, "మీ మెటబాలిక్ ఏజ్ 52" అని చీటీ చేతికిస్తారు. వయసేమో 38. గుండె గుభేలుమంటుంది, ప్యాకేజీ తీసుకుంటాం. ఆ మెషీన్ జీవక్రియను కొలవదు. అరికాళ్ల గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీరెంత, కొవ్వెంత అని అంచనా వేసి, మిగతాది ఫార్ములాతో కట్టేస్తుంది. పొద్దున నీళ్లు తాగకుండా ఎక్కితే ఒక వయసు, తాగి ఎక్కితే ఇంకో వయసు రావచ్చు. జీవక్రియను నిజంగా కొలవాలంటే తల మీద పారదర్శకమైన మూత పెట్టి, పీల్చే ఆక్సిజన్, వదిలే కార్బన్ డయాక్సైడ్ లెక్కగట్టాలి.

ముప్పై దాటాక అంతా అయిపోతుందా?

ముప్పై దాటితే మెటబాలిజం పడిపోతుందన్నది మనందరి నోట్లో నానిన మాట. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని గట్టిగానే కొట్టేసింది. 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా, ఆ బరువైన నీళ్ల పద్ధతిలోనే కొలిచిన లెక్కలు అందులో ఉన్నాయి. ఒంటి పరిమాణాన్ని సరిచేసి చూస్తే ఏడాది పిల్లల జీవక్రియ పెద్దవాళ్ల కంటే 50 శాతం ఎక్కువ. అక్కణ్నుంచి మెల్లగా తగ్గుతూ ఇరవై ఏళ్లకి ఒక స్థాయికి చేరుతుంది. ఇరవై నుంచి అరవై దాకా దాదాపు కదలదు. అరవై దాటాక ఏటా 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒళ్లు పెరిగినంత మేరకే ఖర్చు పెరుగుతుంది తప్ప వేరే మాయ ఏమీ లేదు. నెలసరి ఆగే వయసులోనూ హఠాత్తుగా పడిపోయేదేమీ కనపడలేదు. ఆ వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గడంతో కొవ్వు తొడల నుంచి పొట్టకి మారుతుంది, అందుకే బట్టలు బిగుతవుతాయి.

మరి ముప్పై ఐదేళ్లకి పొట్ట ఎందుకొస్తుంది? అప్పటికి బైకు పోయి కారు వస్తుంది, క్రికెట్ ఆడే గ్రౌండ్ అపార్టుమెంటవుతుంది, ఉద్యోగం కుర్చీకి కట్టేస్తుంది, జీతంతో పాటు వారాంతపు బిర్యానీలు పెరుగుతాయి. నిద్ర తగ్గుతుంది. ఇందులో జీవక్రియ చేసిన ద్రోహం ఏమీ లేదు.

మనవాళ్లకి సంబంధించిన చిక్కు ఒకటి మాత్రం ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో అచ్చయింది. పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కి చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే అంకె) 22.3, చూడ్డానికి ఇద్దరూ సన్ననే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం. మన ఒంట్లో అదే బరువుకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పాశ్చాత్యుల లెక్కలతో తయారైన ఫార్ములాలు మన విశ్రాంతి ఖర్చుని కొంత ఎక్కువ చేసి చూపిస్తాయి. పైన నేను వేసిన 1,280 కూడా ఆ కోవలోదే, అసలు అంకె ఇంకాస్త కిందే ఉండొచ్చు. యాప్ "మీరు 1,800 తినొచ్చు" అంటే అందులోంచి కొంచెం తీసేసుకోవడం మంచిది. మనకి బీఎంఐ 23 దగ్గరే అధిక బరువు మొదలైనట్టు లెక్క. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు.

తగ్గడం మొదలుపెట్టాక

మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గితే సంబరపడిపోతాం. కొన్నేళ్ల కిందట రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా కొబ్బరినూనె తాగించిన డైట్‌కి అంత పేరు రావడానికి కారణాల్లో ఇదొకటి. అన్నం, రొట్టె మానేస్తే కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే రూపంలో నిలవున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్ మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, ఆ నీరూ పోతుంది. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే తిరిగి వస్తుంది. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. వారంలో మూడు కిలోల కొవ్వు కరగాలంటే రోజుకి మూడు వేలకు పైగా లోటు పడాలి, అంత ఖర్చే మనలో చాలామందికి లేదు.

తర్వాత వేగం తగ్గుతుంది. ఒళ్లు చిన్నదైంది కాబట్టి ఖర్చు తగ్గుతుందని చూశాం. దానికి మించి కూడా శరీరం కొంత పొదుపు చేస్తుంది. ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకి చెప్పే, కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, థైరాయిడ్ హార్మోన్ టీ3 కాస్త దిగుతుంది. ఇది ఎంత దూరం వెళ్లగలదో రెండు ఉదాహరణలు చెబుతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకి ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టారు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది, విశ్రాంతి ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. రెండోది అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ పోటీ. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం కొలిస్తే, వాళ్ల ఒంటికి ఉండాల్సిన దానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. సగటున 58 కిలోలు తగ్గి, 41 కిలోలు మళ్లీ పెరిగారు.

ఈ 500 అంకె లోకమంతా తిరిగి, "డైట్ చేస్తే మెటబాలిజం పాడైపోతుంది" అనే భయంగా స్థిరపడింది. కానీ అది ముప్పై వారాల పాటు రోజుకి గంటల కొద్దీ వ్యాయామం, అరకొర తిండితో సాగిన పోటీ. మామూలుగా ఐదు, పది కిలోలు తగ్గినవాళ్లలో, బరువు ఒక దగ్గర కుదురుకున్నాక ఈ అదనపు పొదుపు రోజుకి పదుల కేలరీల్లోనే ఉంటుంది. ఏకాదశి నాడు ఒక్కపూట ఉపవాసం ఉంటే జీవక్రియ మూతపడిపోదు. ఒకటి రెండు రోజుల ఉపవాసంలో అది తగ్గదు, ఒక్కోసారి కొంచెం పెరుగుతుంది కూడా. ఉపవాసమని సగ్గుబియ్యం వడలు తింటే అది వేరే సంగతి.

అసలు కథానాయకుడు ఆకలి. మధుమేహానికి వాడే ఒక రకం మందు, రక్తంలోని గ్లూకోజుని మూత్రంలో పంపించేస్తుంది. వేసుకునేవాళ్లకి తెలియకుండానే రోజూ కొన్ని వందల కేలరీలు అలా పోతుంటాయి. వాళ్ల బరువు ఎలా తగ్గిందో, ఎక్కడ ఆగిందో చూసి హాల్, ఆయన సహచరులు 2016లో ఒక లెక్క తీశారు. తగ్గిన ప్రతి కిలోకీ శరీరం ఖర్చు రోజుకి 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం రోజుకి 100 కేలరీలు పెరుగుతుంది. అంటే పది కిలోలు తగ్గినవాళ్ల ఖర్చు 250 తగ్గితే, తినాలనే తపన 1,000 పెరిగి కూర్చుంటుంది. కీస్ దగ్గరున్న యువకులు వంటల పుస్తకాలు ముందేసుకుని గంటలు గడిపేవారట. డైట్ ఆరో నెలలో రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు తెరిచే చెయ్యి సంకల్ప బలం లేని చెయ్యి కాదు. దాని వెనక ఇంత లెక్క పనిచేస్తోంది.

తోడికోడలి రహస్యం

1999లో అమెరికాలో మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవైన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 కేలరీలు అదనంగా తినిపించింది. అందరూ తిన్నది అంతే. ఒకరికి పెరిగిన కొవ్వు 0.36 కిలోలు, ఇంకొకరికి 4.23 కిలోలు. ఆ తేడాని నిర్ణయించింది వ్యాయామం కాదు, మామూలు కదలికలు. లేచి నిలబడటం, ఫోన్ మాట్లాడుతూ పచార్లు చేయడం, కుదురుగా కూర్చోలేకపోవడం. కొందరి ఒళ్లు ఎక్కువ తిన్నప్పుడు తెలియకుండానే ఎక్కువ కదులుతుంది. పెళ్లింట్లో వడ్డన దగ్గరా, మేడ మీదా, వంటవాళ్ల దగ్గరా ఒకేసారి కనపడే మనిషి అలాంటిదే. తక్కువ తిన్నప్పుడు ఇదే తిరగబడుతుంది. డైట్లో ఉన్న మనిషి లిఫ్ట్ కోసం ఆగుతాడు, రిమోట్ అందుకోమని పిల్లల్ని పిలుస్తాడు, తనకే తెలియదు. అడుగుల లెక్క చూపించే వాచీ వల్ల ఏదైనా ఉపయోగం ఉందంటే ఇక్కడే.

వ్యాయామం మీద మనం పెట్టుకునే ఆశ కూడా కాస్త తగ్గించుకోవాలి. 70 కిలోల మనిషి అరగంట నడిస్తే, ఊరికే కూర్చుంటే అయ్యేదానికంటే అదనంగా ఖర్చయ్యేది వంద కేలరీల దరిదాపు. అంటే ఒక టేబుల్ స్పూన్ నూనె అంత. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనాన్ని హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడు కొలిచినప్పుడు, రోజంతా తిరిగే వాళ్ల ఖర్చు, ఒంటి పరిమాణం సరిచేస్తే, ఆఫీసుల్లో కూర్చునే అమెరికన్ల ఖర్చుతో దాదాపు సమానంగా తేలింది. ఎక్కువ శ్రమ చేస్తే ఒళ్లు వేరే చోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. అయినా బిగ్గెస్ట్ లూజర్ పోటీదారుల్లో బరువు కొంత నిలబెట్టుకున్నది శారీరక శ్రమ పెంచుకున్నవాళ్లే. తగ్గించడానికి తిండి, నిలబెట్టుకోవడానికి నడక అని నేను లెక్క వేసుకుంటాను.

ఇక జీవక్రియని నేరుగా పెంచే మందు లేదా అంటే, ఉంది. డైనైట్రోఫినాల్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు మందుగుండు ఫ్యాక్టరీల్లో దాన్ని ముట్టుకున్న కార్మికులు చెమటలు కక్కుతూ చిక్కిపోయేవారు. 1930లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాన్ని బరువు తగ్గే మాత్ర చేశారు. సుబ్బారావు గుర్తించిన ఆ ఏటీపీ తయారవకుండానే తిండి కాలిపోయేలా చేస్తుందది, బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కినట్టు. వేడి పుడుతూనే ఉంటుంది. జ్వరం ఎక్కి కొందరు చనిపోయారు, కొందరికి కంటి శుక్లాలొచ్చాయి. 1938లో అమెరికా దాన్ని ఆపేసింది. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతున్నారు, దాని జోలికి వెళ్లకండి. జీలకర్ర నీళ్లు, గ్రీన్ టీ, దాల్చిన చెక్క మెటబాలిజాన్ని "బూస్ట్" చేస్తాయంటారు కానీ వాటికంత శక్తి లేదు. నిజంగా బూస్ట్ చేస్తే ఏమవుతుందో పైన చూశాం. వేడినీళ్లలో వేసుకునే టేబుల్ స్పూన్ తేనె మాత్రం 60 కేలరీలు. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తింటే జీవక్రియ వేగం పెరుగుతుందన్నదీ నిలబడలేదు. అరుగుదలకి అయ్యే ఖర్చు మొత్తం తిండిని బట్టే ఉంటుంది, ఎన్నిసార్లు తిన్నామన్నదాన్ని బట్టి కాదు.

థైరాయిడ్ మాట వేరు. అది తగ్గితే జీవక్రియ నిజంగానే మందగిస్తుంది. కానీ దానివల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ. మాత్ర వేసుకుని, థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ సరైన హద్దులోకి వచ్చాక కూడా ఇరవై కిలోలు దాని ఖాతాలోనే రాస్తే లెక్క కుదరదు. టీఎస్‌హెచ్ బాగానే ఉన్నా బరువు తగ్గాలని డోసు సొంతంగా పెంచుకునేవాళ్లున్నారు. గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి.

చేయగలిగినవి

ఆకలే ప్రధానమైతే, తక్కువ కేలరీలతో ఎక్కువసేపు కడుపు నిండేది వెతుక్కోవాలి. ప్రొటీన్ ఇక్కడ రెండు విధాలా పనికొస్తుంది. అది కడుపు నిలవరిస్తుంది, పైగా అందులోని కేలరీల్లో 20 నుంచి 30 శాతం అరుగుదలకే ఖర్చవుతాయి. పిండిపదార్థాలకి అది 5 నుంచి 10 శాతం, కొవ్వుకి మహా అయితే 3. మన పళ్లెంలో లోటు ఉన్నది కూడా అక్కడే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వేలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. అన్నం మానేయక్కర్లేదు. కొండంత అన్నంలో గరిటెడు పప్పు అనే నిష్పత్తిని మార్చి, పప్పు గట్టిగా వండుకుని, గుడ్లో చేపో సెనగలో పెరుగో ప్రతి పూటా ఉండేలా చూసుకుంటే చాలు. బరువు తగ్గేటప్పుడు కిలోకి 1.2 గ్రాముల ప్రొటీన్ పైన ఉండాలని చెబుతారు, అంటే 60 కిలోల మనిషికి 70 గ్రాములకి పైగా. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా పెంచకూడదు.

కండ లాభం ఎక్కడుందో చెబుతానన్నాను. తిండి తగ్గించినప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. అసలే కండ తక్కువున్న మనం దాన్నీ పోగొట్టుకుని, మళ్లీ బరువు పెరిగినప్పుడు కొవ్వుగా పెరిగితే, అదే 70 కిలోలు మునుపటికంటే అధ్వాన్నమైన 70 కిలోలు. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తడం, గోడకి పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి ఆ నష్టాన్ని ఆపుతాయి. నిద్ర కూడా ఇందులో భాగమే. 2010లో షికాగోలో ఒకే డైట్ మీద ఉన్న పది మంది రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడకమీద గడిపారు. తగ్గిన బరువు దాదాపు అంతే, కానీ నిద్ర తగ్గిన రోజుల్లో కరిగిన కొవ్వు సగానికంటే తక్కువ, మిగతాది కండ.

ప్యాకెట్ తిండి గురించి ఒక్క మాట. 2019లో హాల్ 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఇంటి తరహా వంట, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి పెట్టారు. ముందుపెట్టిన పళ్లెంలో కేలరీలు, పంచదార, కొవ్వు, ఉప్పు, పీచు రెండిట్లోనూ సమానమే, ఎంత తినాలన్నది వాళ్లిష్టం. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఇవి ప్రధానంగా పనిచేసేది మెదడులో ఆకలి మీద. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. వాడటం ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. తగ్గినదాంట్లో కండ కూడా ఉంటుంది కాబట్టి ప్రొటీన్, బరువులెత్తడం ఇంజెక్షన్ వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ అవసరం. మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎన్నాళ్లు వాడాల్సి ఉంటుంది, నెలనెలా ఆ ఖర్చు అన్నాళ్లూ పెట్టుకోగలమా, ఆపాల్సి వస్తే ఎలా ఆపాలి అన్నవి మొదటిసారి వెళ్లినప్పుడే డాక్టరుతో మాట్లాడుకోవాలి.